కారుకి ఎరుపు వేయిస్తే తప్పా?

"ఆ కారుకి తెల్లరంగే వేయించమ్మా, నీకు బాగుంటుంది" అన్నారు మా వదినగారు ఫోన్లో. కారుకి బాగుంటుంది అనలేదు. నీకు బాగుంటుంది అన్నారు.

వదినగారంటే మావారి అక్క. ఏలూరులో ఉంటారు. ఎనభై దాటాయి. నేను కొత్తగా ఇంగ్లండు వచ్చినప్పుడు ఇక్కడి చలికి తట్టుకోలేనని స్వయంగా స్వెట్టర్లు అల్లి పంపిన మనిషి. అంచేత ఆవిడ మీద కోపంతో ఇది రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. కాకపోతే ఆవిడ అన్న మాటే మా చెల్లెలూ అంది, ఇక్కడ గుళ్ళో కలిసే ఇద్దరు ముగ్గురు తెలుగువాళ్ళూ అన్నారు, చివరికి నేను కన్న కొడుకు కూడా వేరే మాటల్లో అన్నాడు. ఇంతమంది ఒకే మాట అంటున్నారంటే అది కారు గురించిన మాట కాదేమోనని నాకు అనుమానం వచ్చింది.

కారు సంగతి ముందు చెప్పాలి. మేం ఉండేది కోవెంట్రీ దగ్గర. మావారు డాక్టరు. 1986లో ఆయనతో పనిచేసే పెద్ద డాక్టరొకాయన రిటైరవుతూ తన స్పోర్ట్స్ కారు అమ్ముతానంటే, నాతో ఒక్క మాటైనా చెప్పకుండా కొనుక్కొచ్చేశారు. దాన్ని ఎం.జి.బి. అంటారు. 1966లో తయారైన బండి. రెండే సీట్లు, పైన గుడ్డ టాపు, సైకిలు చక్రాల్లా చువ్వలున్న చక్రాలు. నలుగురున్న ఇంటికి రెండు సీట్ల కారేమిటని రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడోరోజు పిల్లల్ని పక్కింట్లో వదిలి ఇద్దరం షికారు వెళ్ళొచ్చాం. ఆ తర్వాత నేనేమీ అనలేదు!

ఎం.జి. అనగానే ఈమధ్య మన ఊళ్ళలో తిరుగుతున్న హెక్టర్ అనుకునేరు. ఆ పేరుతో మన దేశంలో కార్లు అమ్మడం 2019లో మొదలైంది. నేను చెప్పేది దాని పుట్టింటి సంగతి. ఎం.జి. అంటే మోరిస్ గరాజెస్. ఆక్స్‌ఫర్డులో విలియం మోరిస్ అనే ఆయన పెట్టిన గరాజు పేరది. ఆ మోరిస్ గారి కంపెనీ నుంచే మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు వచ్చింది. అదే మన దేశానికొచ్చి అంబాసిడర్ అయింది, 2014 దాకా తయారైంది. ఇంజన్లు కూడా అన్నదమ్ములే. బి.ఎం.సి. వారి బి-సిరీస్ ఇంజను 1489 సి.సి.లతో అంబాసిడర్‌ని ఏళ్ళ తరబడి లాగింది. అదే కుటుంబంలో 1798 సి.సి.ల ఇంజను, రెండు కార్బొరేటర్లతో, మా ఎం.జి.బి.లో ఉంది. మొదటిసారి బానెట్టు ఎత్తి చూసినప్పుడు ఎక్కడో చూసిన మొహంలా ఉందేమిటా అనుకున్నాను. మా నాన్నగారి అంబాసిడర్ బానెట్టు కింద చూసిన మొహమే. 1962 నుంచి 1980 వరకు ఆబింగ్డన్ అనే ఊళ్ళో ఈ కార్లు ఐదు లక్షల పైచిలుకు తయారయ్యాయి. అంచేత ఇదేదో రాజులూ జమీందారులూ దాచుకునే అపురూప వస్తువేం కాదు. ఇక్కడ టీచర్లూ గుమాస్తాలూ కూడా కొనుక్కున్న స్పోర్ట్స్ కారు.

1994లో దాన్ని గరాజులో పెట్టారు. "వచ్చే వేసవికి బాగుచేయిస్తా" అంటూ ఇరవై రెండు వేసవులు గడిపి, 2016లో ఆయన వెళ్ళిపోయారు. కారు మిగిలింది.

అమ్మేద్దామన్నాడు మా అబ్బాయి. సరేనన్నాను. కొంటానని వచ్చినతను చుట్టూ తిరిగి చూశాడు. నా ఇంట్లో నిలబడి, నా కారు ధర మా అబ్బాయితో మాట్లాడాడు. నాతో మాత్రం "టీ చాలా బాగుంది" అన్నాడు. అమ్మకూడదని అప్పుడే అనుకున్నాను. పంతానికి మొదలుపెట్టిన పని అని ఒప్పుకోడానికి నాకేం సిగ్గు లేదు.

దగ్గర్లో ఒక కాలేజీ ఉంది. పాత కార్లు బాగుచేయడం సాయంత్రం తరగతుల్లో నేర్పుతారు. 2021లో చేరాను. పన్నెండుమందిలో ఆడవాళ్ళం ఇద్దరం. మొదటి పాఠానికి కావలసిన పనిముట్టు మా వంటింట్లోనే ఉంది. ఫ్రిజ్ మీద అంటించుకునే అయస్కాంతం! దాన్ని పల్చటి గుడ్డలో చుట్టి కారు రేకుల మీద జరుపుతూ పోవాలి. ఇనుమున్నచోట పట్టుకుంటుంది. కింద జారిపోయిందంటే అక్కడ రేకు లేదు, లప్పం ఉందన్నమాట. మా కారు చుట్టూ తిప్పితే తలుపుల కింద రెండు వైపులా అయస్కాంతం టపటపా రాలిపోయింది. ఎప్పుడో ఎవరో తుప్పుపట్టిన రేకు మీదే లప్పం మెత్తి, నునుపు చేసి, పైన చక్కగా తెల్లరంగు కొట్టేశారు. పైన పటారం, లోన లొటారం అంటే అదే.

ఆ చోటు కారుకి ఆయువుపట్టు. లారీకి ఉన్నట్టు ఈ కారుకి అడుగున వేరే ఛాసిస్ ఉండదు. రేకుల పెట్టె మొత్తమే దాని ఎముకల గూడు. అందులోనూ టాపు లేని బండి కదా, ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ కలిపి పట్టుకునేది తలుపుల కింద గడపల్లా ఉండే ఈ గుల్ల పెట్టెలే. ఇంగ్లండులో చలికాలం రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్ళూ బురదా ఆ గుల్లల్లో చేరి లోపల్నుంచి తినేస్తాయి. పైకి కనబడేసరికి లోపల ఏమీ మిగలదు. వాటిని కోసి కొత్తవి అతికేటప్పుడు ముందు తలుపు సందుల్లో అడ్డంగా ఇనపకడ్డీలు బిగించాలి. లేకపోతే కారు నడుం దగ్గర కుంగిపోతుంది, తర్వాత తలుపులు పట్టవు. ఆ వెల్డింగు సగం నేనే చేశాను. అతుకు అందంగా లేదు గాని గట్టిగా ఉందని మా మాస్టారన్నారు. అది చాలు నాకు.

ఇంత అవస్థ ఎందుకు, కొత్త బాడీ కొనేయమన్నారు కొందరు. నిజమే, పాత ఫ్యాక్టరీ అచ్చులతోనే ఒత్తిన ఎం.జి.బి. బాడీలు 1988 నుంచి ఇక్కడ కొత్తగా దొరుకుతున్నాయి. డబ్బులుంటే అదే తేలిక కూడా. నాకెందుకో మనసొప్పలేదు. కోసిన రేకు ముక్క చేతిలో పట్టుకుంటే అది మేమిద్దరం తిరిగిన కారు ముక్క.

రంగు వేయడం అంటే పిచికారీ కొట్టడం అనుకుంటాం గాని, అది రూపాయిలో పది పైసల పని. మిగతా తొంభై పైసలూ గోకడం, రాయడం, తుడవడం. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, అందుకని పొడిగా గీకి ఆ దుమ్ము పీల్చకూడదు, నీళ్ళు పోస్తూ రాయాలి. ఈ కాలపు ఎం.జి.బి.లకి బానెట్టు అల్యూమినియంది, మిగతా ఒళ్ళు ఉక్కు. రెండింటికీ ఒకే ప్రైమరు కొడితే అల్యూమినియం మీద నిలవదు, దానికి వేరే ఉంది. ప్రైమరు ఆరాక దానిమీద నల్లరంగు పొగలా పల్చగా చల్లుతారు. తర్వాత చెక్కదిమ్మకి ఉప్పుకాగితం చుట్టి నీళ్ళతో రాస్తూ పోతే నలుపు మిగిలిపోయిన చోటు గుంట, ముందే పోయిన చోటు మిట్ట. గుంట పూడ్చాలి, మళ్ళీ ప్రైమరు, మళ్ళీ నలుపు, మళ్ళీ రాత. ఒక్క తలుపుకి నాకు పదకొండు రోజులు పట్టింది. కంటికి దొరకని గుంట చేతికి దొరుకుతుంది. అరిసెల పాకం చేత్తో పట్టి చూసినవాళ్ళకి అది పెద్ద విద్యేం కాదు.

అలా తలుపు లోపలి అట్ట ఊడదీసిన రోజే ఎరుపు బయటపడింది. డాష్‌బోర్డు కింద, డిక్కీ మూలల్లో, తివాచీ కింద, ఎక్కడ తెలుపు చేరలేదో అక్కడంతా ఎరుపే. గేడన్‌లో బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఉంది. అబింగ్డన్ ఫ్యాక్టరీ వాళ్ళు రాసుకున్న రిజిస్టర్లు వాళ్ళ దగ్గర భద్రంగా ఉన్నాయి. డబ్బు కట్టి కారు నంబరు ఇస్తే పుట్టుక పత్రం ఇస్తారు. ఏ రోజున తయారైంది, ఇంజను నంబరెంత, రంగేమిటి అన్నీ ఉంటాయి. మా కారుది 'టార్టన్ రెడ్' అని వచ్చింది. ఆ తెలుపు మావారికి అమ్మినాయన ఎప్పుడో వేయించిందన్నమాట.

అప్పుడన్నాను ఇంట్లో, ఎరుపు వేయిస్తానని. అప్పుడొచ్చాయి పైన చెప్పిన ఫోన్లు.

"ఈ వయసులో ఎర్రకారేమిటే" అంది మా చెల్లెలు. అరవై దాటిన ఆడది, పైగా భర్త పోయినది, టాపు లేని ఎర్రకారు నడుపుకుంటూ పోతే చూసేవాళ్ళకి ఎలా ఉంటుంది, అన్నది అనకుండానే అర్థమైంది. మా బంధువుల్లోనే ఒకాయన భార్య పోయిన రెండేళ్ళకి ఎర్ర మోటారుసైకిలు కొనుక్కున్నాడు. "పోన్లే పాపం, మళ్ళీ మనుషుల్లో పడ్డాడు" అన్నారందరూ. నేనూ అన్నాను. మరి నేను మనుషుల్లో పడే రంగు ఏదో ఎవరు నిర్ణయించాలి?

నిజం చెప్పాలి. మావారు పోయాక నేను తెల్లచీర కట్టలేదు, బొట్టు తీయలేదు. కట్టమనీ తీయమనీ ఎవరూ అనలేదు కూడా. మేం చదువుకున్న కుటుంబం, అలాంటివి మా ఇంట్లో లేవని చెప్పుకునేదాన్ని. కాని బీరువా తీస్తే చెయ్యి బూడిదరంగు మీదకో లేతనీలం మీదకో పోతుంది. ఎర్రచీరలు అడుగు అరలోకి ఎప్పుడు వెళ్ళాయో నాకే తెలీదు. నేనే పెట్టి ఉంటాను. ఎవరూ వద్దనకపోయినా మనకి మనమే వద్దనుకునేలా ఎప్పుడో నేర్పేశారు.

మా అబ్బాయి మాట మాత్రం తేలిగ్గా తీసిపారేయలేకపోయాను. "అమ్మా, నాకు తెలిసిన డాడీ కారు తెల్లది. ఎరుపు వేస్తే అది ఫ్యాక్టరీ కారవుతుంది గాని డాడీ కారు ఎలా అవుతుంది?" అన్నాడు. పాతకార్లు బాగుచేసే వాళ్ళలో కూడా ఇదే తగువు. పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే తేవాలని ఒక పక్షం. బతుకులో దాని మీద పడిన గీతలూ మారిన రంగులూ కూడా దాని కథే, అవి చెరపకూడదని ఇంకో పక్షం. రెండో పక్షానికి ఈమధ్య గౌరవం పెరిగింది. మా తరగతిలో దీనిమీద ఒక సాయంత్రమంతా వాదించుకున్నాం, ఎవరూ ఓడలేదు.

నా వాదన మా అబ్బాయికి చెప్పాను. తెలుపు మీ నాన్న ఎంచుకున్నది కాదురా, వచ్చిన రంగుతో ఆయన సరిపెట్టుకున్నాడు అన్నాను. గేడన్ కాగితం తీసి బల్ల మీద పెట్టాను. వదినగారికి కూడా అదే చెప్పాను, "దాని అసలు రంగు అదేనట వదినా, ప్రభుత్వ కాగితంలా ఉంది, రాసిచ్చారు" అని. ప్రభుత్వం మాట అబద్ధమే గాని పనిచేసింది. ఆవిడ మెత్తబడ్డారు.

రాత్రి పడుకున్నాక సిగ్గేసింది. ఆ కాగితంలో నీలం అని వచ్చి ఉంటే నేను నీలం వేయించేదాన్నా? వేయించను. పుట్టుక పత్రం నాకు ఎదుటివాళ్ళ ముందు పట్టుకునే గొడుగులా పనికొచ్చింది, అంతే. నాకు ఎరుపంటే ఇష్టం. ఆ ఒక్కమాట చెప్పడానికి నాకు మ్యూజియం సర్టిఫికెట్టు కావలసి వచ్చింది! డబ్బు నాది, ఒళ్ళు హూనం చేసుకున్నది నేను, బండి కాగితాలు నా పేరు మీద ఉన్నాయి. మర్నాడు మా అబ్బాయికి ఫోన్ చేసి ఆ మాటే చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "అయితే మొదటే అలా చెప్పొచ్చుగా" అన్నాడు. చెప్పొచ్చు. ఎందుకు చెప్పలేకపోయానో పై పేరాల్లో రాశాను.

మన ఊళ్ళలో కూడా ఎన్నో ఇళ్ళలో తండ్రి నడిపిన ఫియట్టో అంబాసిడరో షెడ్డులో ఉంటుంది. బాగుచేయించాలా, తుక్కుకి వేయాలా అన్నది ఇంటి మగపిల్లలు తేలుస్తారు. ఆ బండిలో ఆస్పత్రికి వెళ్ళి వాళ్ళని కని తెచ్చిన తల్లిని అడిగేవాళ్ళు తక్కువ. యాభై ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు జరగని బండికి వింటేజి గుర్తింపు ఇచ్చే నిబంధనలు 2021లో కేంద్రం తెచ్చింది. అంచేత తుక్కువాడిని పిలిచే ముందు ఒక్కసారి ఆలోచించండి. అయస్కాంతం మీ ఇంట్లో కూడా ఉండే ఉంటుంది.

స్పోర్ట్స్ కారు మగవాళ్ళ ఆట అనేవాళ్ళకి ఇంకొకటి చెబుతాను. ఇదే ఆబింగ్డన్‌లో బి.ఎం.సి. వారి ర్యాలీ జట్టు ఉండేది. ఆ జట్టు తరఫున పాట్ మాస్ అనే ఆవిడ, పక్క సీట్లో ఆన్ విజ్‌డమ్ దారి చెబుతుండగా, 1960లో లియేజ్-రోమ్-లియేజ్ ర్యాలీ గెలిచింది. మహిళల బహుమతి కాదు, మొత్తం ర్యాలీ. మగవాళ్ళందరూ వెనకబడ్డారు.

ఆఖరి రంగు మాత్రం నేను కొట్టలేదు. భయపడి మానేశాను, ఆ భయం మంచిదే. ఇప్పటి కారు రంగుల్లో చాలావాటికి గట్టిపడడానికి కలిపే మందులో ఐసోసయనేటు అనే రసాయనం ఉంటుంది. పిచికారీ కొట్టినప్పుడు ఆ తుంపర పీలిస్తే ఊపిరితిత్తులకి ఉబ్బసం పట్టుకుంటుంది. ఒకసారి పట్టిందంటే తర్వాత రవ్వంత తగిలినా ఆయాసం వస్తుంది. వాసన బట్టి జాగ్రత్తపడదామంటే హాని చేసే మోతాదులో దానికి వాసన తెలీదు. ఇక్కడ నా కారుకి రంగు కొట్టినతను మూసిన గదిలో, బయట్నుంచి గొట్టంతో శుభ్రమైన గాలి అందే మాస్కు పెట్టుకుని కొట్టాడు. ఆ మాస్కు చూస్తే విజయవాడ ఆటోనగర్ గుర్తొచ్చింది. అక్కడ ముక్కుకి చేతిరుమాలు కట్టుకుని రోజంతా రంగు కొట్టే కుర్రాళ్ళని నేను చూశాను. సాయంత్రానికి వాళ్ళ కనురెప్పల మీద కూడా ఆ రోజు కొట్టిన కారు రంగే ఉండేది. కారుకి రంగు వేయించేటప్పుడు మెరుపెంత, ఖర్చెంత అని అడుగుతాం. కొట్టే పిల్లాడికి మాస్కు ఉందా అని అడగం. నేనూ ఇన్నేళ్ళూ అడగలేదు. వాళ్ళకీ ఇంటి దగ్గర తల్లులూ పెళ్ళాలూ ఉంటారు, ఆ దగ్గు వినేది వాళ్ళే. ఇకమీద మీరు అడగండి. ఖర్చు కొంచెం పెరిగితే పెరగనివ్వండి.

2024 జులైలో రంగు పూర్తయింది. మా అబ్బాయి మాట కూడా పూర్తిగా తోసెయ్యలేదు. డిక్కీ మూత లోపలివైపు ముట్టుకోలేదు. అక్కడ పాత తెలుపు అలాగే ఉంది, మావారు ఎప్పుడో సామాను పెడుతూ గీసిన గీతతో సహా. ఆ గీత గీసిన రోజు మేమిద్దరం పోట్లాడుకున్నాం కూడా, తప్పు నాదని ఆయన, కాదని నేను. ఇప్పుడా తగువు తేల్చేవాళ్ళు లేరు గనక గీతని ఉంచేశాను. మా అబ్బాయి వచ్చి మూత ఎత్తి చూసి, కాసేపు అక్కడే నిలబడ్డాడు.

ఫోటో తీసి ఏలూరు పంపాను. వదినగారు ఆ సాయంత్రమే ఫోన్ చేశారు. మోకాళ్ళ నొప్పుల గురించీ, పక్కింటి వాళ్ళ పెళ్ళి గురించీ, పెరిగిన కందిపప్పు ధర గురించీ మాట్లాడారు. రంగు మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పెట్టేయబోతూ "ఇంతకీ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించావా?" అని అడిగారు.

తొక్కించాననే చెప్పాను. చెప్పి, వెంటనే నిమ్మకాయలు కొనడానికి బయల్దేరాను.